కొత్త పౌడర్ చవకే.. మరి ఉప్పు, కరెంటు లెక్కేశారా?

ప్రశ్న: మాది నల్లగొండ. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, ఒక పాప. బాసన్లు తోమే ఆమె మానేయడంతో ఆర్నెల్ల కింద డిష్‌వాషర్ కొన్నాం. నిండినా నిండకపోయినా రోజూ రాత్రి ఒకసారి వేస్తాం. నీళ్లు బోరువే. ట్యాబ్లెట్ ఒక్కోటి రూ.18. ‘ఆల్ ఇన్ వన్’ అని ఉంది కదా అని ఉప్పు విడిగా వేయడం లేదు. ఇప్పుడు ఒక కొత్త పౌడర్ చూశాం. కిలో రూ.420, ఆరు కిలోలు కలిపి తీసుకుంటే రూ.2,100. వాష్‌కు 20 గ్రాములు చాలంటున్నారు. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది కదా, ఆరు కిలోలు తెప్పించమంటారా? గ్లాసుల మీద తెల్లటి పొర వస్తోంది. కరెంటు కూడా 185 యూనిట్ల నుంచి 214కు పోయింది.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆరు కిలోలు ఇప్పుడే వద్దు. ముందు ఒక కిలో తెచ్చుకోండి. ఎందుకో లెక్క చూద్దాం.

కిలో పౌడర్‌లో 20 గ్రాముల చొప్పున 50 వాష్‌లు, అంటే ఒక్కోదానికి రూ.8.40. మీరు ఇక్కడే ఆగిపోయారు. ట్యాబ్లెట్‌లో నీటిని మెత్తబరిచే పదార్థం, మెరుపునిచ్చే రిన్స్ ఎయిడ్ కలిసే ఉంటాయి. మామూలు పౌడర్‌తో ఆ రెండూ విడిగా కొనాలి. నీటిని మెత్తబరిచే డిష్‌వాషర్ ఉప్పు రెండు కిలోలు రూ.200, బోరు నీళ్లకు 40 వాష్‌లు వస్తుందనుకుంటే వాష్‌కు రూ.5. రిన్స్ ఎయిడ్ అర లీటరు రూ.300, ప్రతిసారీ 3 మి.లీ. అంటే రూ.1.80. మొత్తం రూ.15.20. నెలకు ముప్పై వాష్‌లకు రూ.540 ఉన్న ఖర్చు రూ.456 అవుతుంది. మిగిలేది రూ.84. మీరనుకున్న సగం ఎక్కడా లేదు.

అట్లాగని ట్యాబ్లెట్లే మేలని కాదు. ఆ తెల్ల పొరే చెబుతోంది, మీ నీళ్లకు ట్యాబ్లెట్ ఒక్కటే సరిపోవడం లేదని. నల్లగొండలో తెల్ల మరక కనపడగానే ఫ్లోరైడ్ అనుకుంటారు. ఇది అది కాదు, కాల్షియం, మెగ్నీషియం. పప్పు ఉడకని నీళ్లు, హీటర్ రాడ్‌కు సున్నం పట్టించే నీళ్లు గ్లాసునూ వదలవు. తాగునీటి ప్రమాణాల్లో కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. ఆల్ ఇన్ వన్ ట్యాబ్లెట్లు చాలా మాన్యువల్స్ ప్రకారం 21 జర్మన్ డిగ్రీల (కఠినత్వానికి మరో కొలత) దాకానే పనిచేస్తాయి. ఒక డిగ్రీ అంటే 17.8 మి.గ్రా., కాబట్టి ఆ హద్దు సుమారు 374 మి.గ్రా. మీ బోరు అది దాటితే ట్యాబ్లెట్ వాడినా ఉప్పు వేయాల్సిందే. అప్పుడు ట్యాబ్లెట్ వాష్ రూ.23 పడుతుంది, పౌడర్‌ది రూ.15.20 దగ్గరే ఉంటుంది. కఠినత్వం చూసే పట్టీలు దొరుకుతాయి, వాటితో కొలవండి. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన అన్నిటినీ కలిపి చూపిస్తుంది, ఈ పనికి రాదు.

ఇంట్లో మిషన్ భగీరథ నల్లా ఉండి, కృష్ణా నీళ్లు వేరే ట్యాంకులోకి పోతుంటే, మెషీన్ పైపును ఆ ట్యాంకుకు మార్పించండి. ఆ నీళ్లను కూడా పట్టీతో చూసి, మెషీన్‌లో కఠినత్వం సెట్టింగ్ ఆ అంకెకు పెట్టాలి. సెట్టింగ్ తగ్గితే ఉప్పు ఖర్చూ తగ్గుతుంది. ప్లంబర్ కూలి ఒక్కసారే.

ఇక కొత్త పౌడర్‌ను పరీక్షించే తీరు. ముందు ఫిల్టర్ విప్పి కడగండి. మెషీన్‌లో ఉప్పు పోసే గదిలో మొదటిసారి మాత్రమే నిండా నీళ్లు పోసి, తర్వాత ఉప్పు వేయాలి. వంటింటి ఉప్పు వద్దు, అందులో గడ్డ కట్టకుండా కలిపే పదార్థాలు గదిని పాడుచేస్తాయి. చుట్టూ ఒలికిన గింజలు తుడిచి వెంటనే ఒక వాష్ వేయండి, లేకపోతే ఉప్పు నీళ్లు స్టీలును తింటాయి. ఇంట్లో గ్రాముల కాటా ఉంటే, పౌడర్‌తో వచ్చిన చెంచాను సమంగా నింపి ఒకసారి తూయండి. చెంచాతో గుట్టగా పోస్తే 20 గ్రాములు 30 అవుతాయి, లెక్కంతా అక్కడే చెడుతుంది.

పది వాష్‌ల దాకా ప్రోగ్రామ్ మార్చకండి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని ఒకటి రోజూ పై అరలో పెట్టండి, రెండోది చేత్తో కడిగి అల్మారాలో ఉంచండి. రెంటినీ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టి చూడండి. పొర ఉంటే దాని మీద నిమ్మరసం చుక్క వేయండి. పోయిందంటే సున్నం, కఠినత్వం సెట్టింగ్ పెంచాలి. పోకుండా గరుకుగా, మసకగా ఉంటే గాజే అరిగింది, పౌడర్ తగ్గించాలి. నీలి రంగు మెరుపు కనపడితే రిన్స్ ఎయిడ్ ఎక్కువైనట్టు. ప్లేట్ల మీద గింజలు గింజలుగా మిగిలితే పౌడర్ కరగలేదు: పొడవాటి గరిటె, మెషీన్‌లో పౌడర్ వేసే డబ్బీ మూతకు అడ్డం పడి ఉంటుంది, లేదా షార్ట్ ప్రోగ్రామ్ వేసి ఉంటారు. జిడ్డు పోకపోతే 25 గ్రాములకు పెంచండి. మరీ శుభ్రంగా వస్తుంటే 15 వేసి చూడండి.

అన్నట్టు, సిల్వర్ (అల్యూమినియం) గంజులు లోపల పెట్టకండి. ఈ పౌడర్ల క్షారానికి నల్లబడతాయి. అది పౌడర్ తప్పు కాదు. సింక్ దగ్గరి డిష్‌వాష్ లిక్విడ్ ఒక్క చుక్క కూడా వేయొద్దు, నురుగు పొంగి నేల మీదికి వస్తుంది.

అసలు డబ్బు మీరు చివర్లో రాసిన మాటలో ఉంది. 185 యూనిట్లకు మొదటి వంద రూ.3.40 చొప్పున, మిగతా 85 రూ.4.80 చొప్పున, మొత్తం రూ.748. 200 దాటిన నెలలో మొదటి 200 యూనిట్లూ రూ.5.10 అవుతాయి, ఆ పైన 14కు రూ.7.70. కలిపి రూ.1,127.80. ఫిక్స్‌డ్ చార్జీలు వేరు. అంటే డిష్‌వాషర్ తెచ్చిన 29 యూనిట్లకు మీరు దాదాపు రూ.380 కడుతున్నారు. వాష్‌కు సుమారు రూ.13! తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి సున్నా బిల్లు వస్తున్న ఇళ్లలోనైతే ఇదే దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటిన నెల బిల్లంతా మీదే.

ముగ్గురి గిన్నెలకు మెషీన్ సగమే నిండుతుంటే రోజు విడిచి రోజు వేయండి. మధ్య రోజు గిన్నెల్లోని మెతుకులు గీకేసి, మెషీన్‌లో పెట్టి తలుపు మూసి ఉంచితే చాలు. పదిహేను వాష్‌లు తగ్గితే బిల్లు 199 యూనిట్లకు వస్తుంది, రూ.815. అంచు మీద ఉన్నట్టే, గీజర్ ఒక పూట మర్చిపోతే మళ్లీ దాటుతుంది, అది చూసుకోండి. పౌడర్, ఉప్పు, రిన్స్ ఎయిడ్ ఖర్చు రూ.228 అవుతుంది. కరెంటులో రూ.312, సబ్బులో రూ.312, నెలకు రూ.620 పైమాటే. పౌడర్ ఒక్కటే మార్చి రోజూ వేస్తే మిగిలేది ఆ రూ.84.

ఆరు కిలోల ప్యాక్‌లో మీకు కలిసొచ్చేది రూ.420. కానీ నెలకు 15 వాష్‌ల లెక్కన ఆ ప్యాక్ 20 నెలలు వస్తుంది. మధ్యలో వానకాలం. తేమ తగిలితే పౌడర్ గడ్డ కడుతుంది, మరకలు తినే ఎంజైములు బలం కోల్పోతాయి. కిలో పౌడర్‌ను గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, తడి చెంచా పెట్టకుండా చూడండి. మూత మీద తెరిచిన తేదీ రాసి, ఒక్కో వాష్‌కూ ఒక గీత గీయండి. యాభై గీతలు కాకముందే డబ్బా అడుగు కనపడితే మీ చెంచా 20 గ్రాములది కాదు.