ఆల్కాన్‌ను ఓపస్ 39తో మొదలుపెట్టకండి

19వ శతాబ్దపు ఫ్రెంచ్ పియానో స్వరకర్త ఆల్కాన్ రాసిన మైనర్ ఎటూడ్‌లు (సాధన రచనలు) తెరిచి రెండో పేజీ దాటలేకపోయానని, మధ్యస్థాయి చేతులకు ఈయన దగ్గర ఏమైనా ఉందా అని అడిగారు. ఉందండీ, చాలానే ఉంది.

1857లో వచ్చిన ఆ ఎటూడ్‌ల సంపుటి ఓపస్ 39లో (ఓపస్ అంటే రచన సంఖ్య) ఒక్క కన్‌చెర్టోనే, అంటే మామూలుగా వాద్యబృందంతో వాయించే రూపమే, 50 నిమిషాల దాకా సాగుతుంది. అందులో పియానో తప్ప మరో వాద్యం ఉండదు! పారిస్‌లో ప్రసిద్ధ స్వరకర్త షోపాన్ పక్కింట్లో ఉన్న మనిషిని లోకం మరిచిపోవడానికి ఈ కాఠిన్యం ఒక కారణం, ఆయన ఏళ్ల తరబడి కచేరీలు మానేయడం మరొకటి. పుస్తకాల బీరువా మీద పడి చనిపోయాడన్న కథను మాత్రం నమ్మకండి.

మీరు ఓపస్ 63, ‘ఎస్కీస్’ తెరవండి. 1861 నాటి చిన్న చిన్న రచనలు. చాలావరకు ఒకటి రెండు పేజీలే. మొదటిది ‘లా విజియోన్’ మీకు అందుతుంది. తర్వాత 12వది, బార్కరోలెట్, అంటే చిన్న పడవ పాట.

ఆ పైన ఓపస్ 31లో ఎనిమిదో ప్రెల్యూడ్ (చిన్న పియానో రచన), సముద్రతీరాన పిచ్చిదాని పాట. ఎడమచేతిలో అట్టడుగు స్వరాల కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాలు), చాలా ఎత్తున సన్నని రాగం, మధ్య అంతా ఖాళీ. స్వరాలు తక్కువే కానీ ఏడు ఫ్లాట్‌లు (స్వరాన్ని అర మెట్టు తగ్గించే గుర్తులు) ఉన్నాయి, కాబట్టి ముందు చేతులు విడివిడిగా చదవండి. పెడల్ ఎక్కువైతే మంద్రం బురదవుతుంది. కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ మార్చండి. 61 మీటల కీబోర్డు దీనికి చాలదు.

స్వరపత్రాలు కొనక్కర్లేదు. కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి, ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్వరపత్రాల గ్రంథాలయంలో పాత ముద్రణలు ఉచితం. వినడానికి పియానో వాద్యకారుడు రోనాల్డ్ స్మిత్ రికార్డింగులు చూడండి.