ఫోను సంగతి తర్వాత, ముందు సిమ్ ఆపించండి

బార్సిలోనాలో నిన్న సాయంత్రం మీ ఆవిడ ఫోను పోయిందని, ఇంకో ఐదు రోజులు అక్కడే ఉంటారని, పోలీసుల దగ్గరకు వెళ్లడం వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా అని అడిగారు. ఉంది, వెళ్లండి. కానీ ఆమె ఇండియా సిమ్ ఆపించారా? మీ ప్రశ్నలో ఆ మాట కనిపించలేదు. ఇంకా ఆపించకపోతే ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

నాకు ఇదే ఊళ్లో 2023 అక్టోబరులో జరిగింది. లా రాంబ్లా అనే పెద్ద వీధి పక్క సందులో కాఫీ తాగుతూ, ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఒకతను వచ్చి పెద్ద కాగితం ఒకటి మా ముందు పరిచి, ఏదో సాయం చేయమన్నట్టు అడిగాడు. మా వారు వద్దని తల ఊపారు. అతను కాగితం తీసుకుని మామూలుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పరుగు కూడా తీయలేదు. కప్పు ఉంది, కళ్లజోడు పెట్టె ఉంది, రెండింటి మధ్య ఫోను లేదు. కాగితం చాటున వేళ్లతో లాగేసుకున్నాడు. ఆ ఊళ్లో ఇది పాత పద్ధతేనని తర్వాత పోలీసు స్టేషన్‌లో చెప్పారు.

అరగంట సేపు ఆ సందులన్నీ తిరిగాం. అది వృథా. ఆఖరికి మా వారి ఫోను నుంచి విజయవాడలో ఉన్న మా తమ్ముడికి చేశాను. బార్సిలోనాలో సాయంత్రం ఏడు, విజయవాడలో రాత్రి పదిన్నర. నేను ఫోను ఎలా పోయిందో చెప్పబోతుంటే, "అక్కా, ఫోను వెతకడం ఆపు. సిమ్‌కి పిన్ పెట్టావా?" అని అడిగాడు. పెట్టలేదు. ఆ మాటతో నా చేతులు చల్లబడ్డాయి.

ఎందుకంటే ఫోనుకు మనం పెట్టుకున్న తాళం సిమ్‌కు ఉండదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే చాలు, మన ఓటీపీలన్నీ వాళ్లకు వస్తాయి. బ్యాంకు, ఆధార్, ఈమెయిల్, వాట్సాప్ అన్నీ ఆ ఒక్క నంబరుకే కట్టి ఉన్నాయి. యూపీఐ నమోదు కూడా ఆ సిమ్ నుంచి వెళ్లే సందేశంతోనే మొదలవుతుంది. పోయిన ఫోను ఖరీదు ఎంతో మనకు తెలుసు. ఆ నంబరు ఖరీదు ఎంతో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

మా తమ్ముడే టెలికాం కంపెనీకి ఫోను చేసి, నా పుట్టిన తేదీ, ఆధార్ వివరాలు చెప్పి సిమ్ ఆపించాడు. మీరూ ఇంట్లో ఎవరికైనా ఆ పని అప్పగించండి. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. బ్యాంకుకైతే కార్డు వెనక విదేశాల నుంచి చేయడానికి వేరే నంబరు ఉంటుంది, చూడండి. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. నేను కంగారులో "అన్నీ ఆపేయండి" అన్నాను. పర్సులో భద్రంగా ఉన్న నా డెబిట్ కార్డు కూడా ఆగిపోయింది. యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ మాత్రమే ఆపమనండి. కార్డు యంత్రంలో పెట్టి పిన్ నొక్కడానికి ఓటీపీ అక్కర్లేదు కాబట్టి మిగిలిన ఐదు రోజులూ అది పనికొస్తుంది. ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసి పెట్టుకోండి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మనం తెలియజేసిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకే భరించాలి. అందుకే ఆ సమయం అంత ముఖ్యం.

ఇక ఫోనుకు తాళం వేయడం. నాది ఐఫోను. మా వారి ఫోనులో ఐక్లౌడ్ (ఆపిల్ ఖాతా పేజీ) తెరిస్తే, పాస్‌వర్డు నాకు గుర్తులేదు! ఇంట్లో బీరువాలో ఉన్న డైరీ తీసి, మా తమ్ముడు ఒక్కొక్క అక్షరం చదివి చెప్పాడు. పోయిన పరికరాన్ని వెతికే పేజీకి పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే రెండో కోడ్ అడగలేదు, అది అదృష్టం. దూరం నుంచే ఫోనుకు తాళం వేసే లాస్ట్ మోడ్ పెట్టాం. మీ ఆవిడది ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతా ధ్రువీకరణ పోయిన ఫోనుకే వెళ్లవచ్చు. ముందే రాసి పెట్టుకున్న ఎనిమిది అంకెల బ్యాకప్ కోడ్‌లు ఉంటే వాడండి, లేదా ఇంట్లో ఆ ఖాతా తెరిచి ఉన్న కంప్యూటర్ ఏదైనా ఉందేమో కనుక్కోండి. మ్యాపులో ఫోను ఎక్కడో కనిపించినా అక్కడికి మీరు వెళ్లవద్దు, దయచేసి.

పోలీసుల విషయం. అక్కడ మొస్సోస్ అనే కాటలాన్ పోలీసులు ఫిర్యాదు రాసుకుంటారు. దాన్ని దెనున్సియా అంటారు. పాస్‌పోర్టు, ఫోనును గుర్తించే ఐఎంఈఐ నంబరు పట్టుకెళ్లండి. పదిహేను అంకెల ఆ నంబరు ఫోను పెట్టె మీద ఉంటుంది, ఇంట్లో వాళ్లను ఫొటో తీసి పంపమనండి. రాసిన కాగితంలో ఒక్క మాట చూసుకోండి. బలప్రయోగం లేకుండా తీసుకుంటే హుర్తో, లాక్కుంటే, బెదిరిస్తే రోబో. కొన్ని బీమా పాలసీలు రెండోదానికే డబ్బిస్తాయి. జరిగింది జరిగినట్టే చెప్పండి, కానీ చేతిలోంచి లాక్కుని ఉంటే ఆ సంగతి కాగితంలోకి వచ్చేలా చూడండి. నా ప్రయాణ బీమాలో మొబైల్ ఫోన్లు అసలు లేనే లేవు. అయినా ఆ దెనున్సియా నకలు తర్వాత బ్యాంకుకు రాసిన ఉత్తరానికి జతచేశాను.

మన టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ ఆపించవచ్చు కానీ, అది పనిచేసేది భారత నెట్‌వర్కుల మీదే. స్పెయిన్‌లో ఉన్న ఫోను కోసం ఇప్పుడు దాని వెంట పడకండి.

ఇంటికి వచ్చాక డూప్లికేట్ సిమ్ తీసుకున్న మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. ఓటీపీ రాలేదని కంగారు పడకండి, ఆ రోజు బిల్లులేవీ పెట్టుకోకండి.

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం సందేశం వచ్చింది. మీ ఫోను దొరికింది, ఎక్కడుందో చూడటానికి ఈ లింకు నొక్కండి అని. లింకులో ఆపిల్ కంపెనీ పేరు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా ఉంది. అందులో పాస్‌వర్డు కొట్టి ఉంటే ఆ ఫోను తాళం నా చేత్తోనే తీసిచ్చినట్టు అయ్యేది. మీకూ అలాంటిది వస్తే నొక్కకండి. బాధతోనో విసుగుతోనో ఆ ఫోనును ఖాతా జాబితాలోంచి తీసేయకండి, తీసేస్తే తాళం ఊడిపోతుంది. నాది ఇప్పటికీ జాబితాలోనే ఉంది.