మీ బండి, మా జవాబు: గుంత పడితే ముందు చక్రం టక్కుమంటోంది

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. పాత టూవీల్ డ్రైవ్ పికప్‌లో అల్లం, క్యాబేజీ ఎక్కించుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం తోలుతుంటాను. బండికి ముందు కాయిల్ స్ప్రింగులు. ఈమధ్య గుంత పడితే చాలు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది, స్టీరింగ్ ఓ పక్కకి లాగుతోంది, ఆ టైరు లోపలి అంచు అరిగి నున్నగా అయిపోయింది. ఒక మెకానిక్ బేరింగ్ అన్నాడు. ఇంకొకాయన బాల్ జాయింట్ పోయింది, వెల్డింగ్ పెట్టి లాగించేద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: వెల్డింగ్ మాట మాత్రం వినకండి. బాల్ జాయింట్ అంటే గిన్నెలో ఇరుక్కుని తిరిగే ఉక్కు గుండు. చక్రం పైకీ కిందకీ ఆడాలన్నా, పక్కకి తిరగాలన్నా దాని మీదే. దానికి వెల్డింగ్ వేడి తగిలితే లోపలి గ్రీజు కాలిపోతుంది, ఇనుము పెళుసెక్కుతుంది, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. ఆ ధైర్యంతో లోడు వేసుకుని ఘాట్ దిగితే ఏదో ఒక మలుపులో గుండు గిన్నెలోంచి ఊడొస్తుంది, చక్రం బండి కిందకి మడతపడుతుంది, బ్రేకు గొట్టం తెగినా తెగుతుంది. ఆ పరిస్థితిలో డ్రైవరు ఎంత అనుభవం ఉన్నవాడైనా చేసేదేమీ ఉండదు. అందుకే ఇది తేలేదాకా లోడు ఎత్తకండి.

ఇక బేరింగా, జాయింటా అన్నది మీరే తేల్చుకోవచ్చు. ఖాళీ బండిని చదును నేల మీద పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, ముందు చక్రం కొంచెం లేపండి. జాకీ ఎక్కడ పెట్టారన్నదే ఇక్కడ ముఖ్యం. మీ బండిలో స్ప్రింగు కింది ఆర్మ్ (ఛాసిస్ నుంచి చక్రం దాకా వచ్చే ఇనుప చేయి, పైనొకటి కిందొకటి ఉంటాయి) మీద కూర్చుని ఉంటే జాకీ కూడా ఆ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందకి తన్ని పట్టుకుంటుంది, జాయింట్లు బిగుసుకుపోయి ఉన్న లూజు కూడా దాక్కుంటుంది. "చూశాం, బాగానే ఉంది" అని పంపించేసిన బండ్లలో చాలావాటికి జరిగేది ఇదే. అదే స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉన్న బండైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఛాసిస్ కిందే లేపాలి.

లేపాక టైరు కింద పొడవాటి రాడ్డు దూర్చి పైకి ఎత్తుతూ వదులుతూ ఉండండి, ఇంకొకరు లోపలికి వంగి టార్చి వేసి జాయింట్ దగ్గరే చూడాలి. తర్వాత టైరు పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే బ్రేకు గట్టిగా తొక్కించి మళ్లీ ఊపండి: బ్రేకు తొక్కగానే ఊగడం ఆగితే బేరింగు, తొక్కినా ఊగుతుంటే బాల్ జాయింటు. కుడీ ఎడమా పట్టుకుని ఊపితేనే ఆడుతుంటే ముందు టై రాడ్ ఎండ్ (స్టీరింగు రాడ్డుని చక్రానికి కలిపే కీలు) చూడండి. జాయింటు మీది రబ్బరు టోపీ చిరిగి, లోపల గ్రీజు ఎర్రమట్టితో కలిసి ముద్దగా ఉంటే ఆ జాయింటు ఇవాళ కాకపోతే రేపైనా పోయేదే. మామూలుగా బరువు మోసే జాయింటే ముందు అరుగుతుంది, మీ బండిలో స్ప్రింగు కింది ఆర్మ్ మీదే ఉంటే అది కిందిది.

మార్చేటప్పుడు అసలు ప్రమాదం స్ప్రింగుది. ఛాసిస్ కింద గట్టి స్టాండు ఉండాలి, కింది ఆర్మ్ కింద జాకీ పని అయ్యేదాకా కదలకూడదు. జాయింట్ విప్పాక నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగుని ఆపేది ఆ జాకీ ఒక్కటే, అది జారితే స్ప్రింగు మనిషి మీదకి ఎగురుతుంది. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి ఛాసిస్‌కి కట్టమని మెకానిక్‌కి చెప్పండి, మొహమాటపడొద్దు. నట్టు పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి ఉంచి, నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) కన్ను ఉన్నచోట పక్కనుంచి సుత్తితో కొడితే జాయింటు పిన్ను పట్టు వదులుతుంది. గ్యాసు మంటతో కాల్చనివ్వకండి. కాలిపర్‌ని (బ్రేకు డిస్కుని పట్టి నొక్కే భాగం) బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి.

కొన్ని బండ్లకి కంపెనీ జాయింటు రివెట్లతో వస్తుంది, వాటిని గ్రైండరుతో కోసి కొత్తదాన్ని దానితో ఇచ్చిన బోల్టులతోనే బిగించాలి. ఇంకొన్నింటిలో ప్రెస్సుతో దిగ్గొట్టే రకం, దానికి ప్రెస్సు ఉన్న షెడ్డుకే వెళ్లండి, సుత్తితో బాది ఎక్కిస్తే ఆర్మ్ కన్ను సాగిపోతుంది. నట్టుని ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదులు చేసి కాదు. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడొద్దు. గ్రీజు కొట్టే నిప్పల్ ఉంటే రబ్బరు టోపీ కొద్దిగా ఉబ్బేదాకా గ్రీజు కొట్టి ఆపండి. చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి. కుడి పక్క కూడా ఇదే పద్ధతిలో చూడండి, రెండూ ఒకే రోడ్డు మీద తిరిగినవే కదా.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి. బాల్ జాయింట్లు, ఆర్మ్ బుష్‌లు (ఆర్మ్ ఛాసిస్‌కి కలిసేచోట ఉండే రబ్బరు గొట్టాలు) కొత్తవి వేయించాను. నెలలు గడవకుండానే బుష్ రబ్బరు చిరిగింది. సరుకు నకిలీదా?

జవాబు: సరుకుని అనే ముందు బుష్ బోల్టులు ఎప్పుడు బిగించారో అడగండి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించేస్తే, బండి కిందకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాక, బండి తన బరువు మీద నిలబడ్డాకే ఆ బోల్టుల చివరి బిగింపు.

ప్రశ్న: జయపురం నుంచి. మా లారీకి ముందు కమాన్ పట్టీలు ఉన్నాయి. దీని బాల్ జాయింట్లు ఎక్కడుంటాయి?

జవాబు: ముందు అడ్డంగా ఒకే ఇరుసు, దాని మీద కమాన్ పట్టీలు ఉంటే, చక్రం పక్కకి తిరిగేది బాల్ జాయింటు మీద కాదు, కింగ్ పిన్ను (ఇరుసు చివర నిలువుగా ఉండే పిన్ను) మీద. ఇరుసు కింద జాకీ పెట్టి లేపి, బ్రేకు తొక్కించి, టైరు పైనా కిందా పట్టి ఊపండి. అప్పటికీ ఆడుతుంటే కింగ్ పిన్నూ బుష్‌లూ కలిపే మార్చాలి. గ్రీజు కూడా చక్రం ఎత్తి ఉన్నప్పుడే కొట్టించండి, బరువు లేనప్పుడైతే అది పిన్ను చుట్టూ సరిగ్గా వెళ్తుంది.