ఆ అబ్బాయికి తెలుగు రాదు గదా అనుకోవద్దు

కావలి

అమ్మణ్ణీ,

ఉద్యోగం సగం పూటకి మార్చుకుని, బెర్లిన్‌లో ఆ అబ్బాయితో ఒకే ఇంట్లో ఉంటూ నవల రాస్తావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేనయితే మనింట్లో నవల రాసే మనిషి పుట్టిందని టీ అంగడి దగ్గర ఇద్దరికి చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా.

ఉద్యోగం మీద అక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డుకి జీతం ఇంతకు తగ్గకూడదని లెక్కుంటది, ముందు అది చూసుకో. ఇల్లు మారిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేయించు. అద్దె కాగితంలో నీ పేరూ ఉండాలి. ఆవకాయ నేను పంపిస్తా.

1988లో నేను కువైట్‌లో స్టోర్‌కీపర్ని. కేరళ నర్సు ఒకామె ఉండేది. శుక్రవారాలు సముద్రం ఒడ్డున కూర్చుని వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్లం. నేను మన తుమ్మలపెంట సముద్రం గురించి చెప్పేవాణ్ణి. ఒకరోజు ఆమె వాళ్లక్క సంగతొకటి చెప్పింది. అదేందో నీకు కూడా రాయను. నేనది కథ చేసి వారపత్రికకి పంపా. పేరు మార్చా, ఊరు మార్చా. ఆమెకి తెలుగు రాదు గదా!

అచ్చయింది. మనియార్డరు చూసి మీ నాయనమ్మ మురిసిపోయింది. ఆ పత్రిక ఎవరి పెట్టెలోనో కువైట్ చేరింది. ఆమెతో పనిచేసే ఒంగోలు పిల్ల చదివి, కథ బాగుందని పూసగుచ్చినట్టు ఆమెకే చెప్పింది.

తిట్టలా. "నేను చెప్తుంటే విన్నావా, రాసుకున్నావా?" అని ఒక్క మాట అడిగింది. నా దగ్గర బదులు లేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక, ఎయిరిండియా విమానాల్లో లక్ష మందికి పైగా ఇళ్లకి చేరాం. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో వరసలో నిలబడితే నలుగురి అవతల ఆమె. చేతిలో రొట్టె ఉంది, ఇద్దామని కదిలా. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ రొట్టె నేనూ తినలా.

ఇప్పుడు నీకు ఒంగోలు పిల్ల కూడా అక్కర్లేదు పిచ్చిదానా, ఫోను చూపిస్తే అదే తెలుగు చదివి ఆ అబ్బాయి భాషలో చెప్తది. మొన్న నువ్వు పంపిన కథలో షెడ్డులో సీసాలు దాచే నాన్న, ఆ అబ్బాయి వాళ్ల నాన్నేనా? కథ బాగుంది, కళ్లనీళ్లు పెట్టుకున్నా. అందుకే ఈ భయం. ఆ అబ్బాయికి చెప్పావా?

చెప్పకపోతే ఈ రాత్రే చెప్పు. చెప్పి నాకు ఫోన్ చెయ్. మీకు ఎనిమిదయితే మాకు పన్నెండున్నర. పర్లేదు, మేలుకునే ఉంటా.

పెదనాన్న