ప్రాణం ఒక్కటా, అయిదా?

సందేహం: ఒక్క మనిషి చనిపోయినా పేపర్లో 'ప్రాణాలు కోల్పోయాడు' అని రాస్తున్నారు. మనిషికి గుండె ఒకటి, ఊపిరితిత్తులు రెండు సరే, ప్రాణం ఒక్కటే కదా? 'ప్రాణం' అనడమే ఒప్పు కాదా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలని వాయువులు అయిదు. అందుకే ప్రాణాలు. అసువులు, ప్రాణాలు అనే మాటలు బహువచనంలోనే ఉంటాయని అమరకోశమే చెప్పింది. 'అసువులు బాసాడు' అంటాం గానీ 'అసువు బాసాడు' అని ఎవరన్నా అనగా విన్నారా?

నిఘంటువుదాకా ఎందుకు, పోతన ఉన్నాడు. (మా ఒంటిమిట్ట పోతన అంటే ఓరుగల్లువారికి కోపం. ఆ తగాదా ఇంకోసారి.) మొసలి నోట చిక్కి డస్సిపోయిన గజేంద్రుడు 'ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను' అంటాడు. 'పోయెను' అనలేదు, చూడండి. ఠావు అంటే చోటు. కడపలో మనం 'ఆ తావున కూచో' అంటామే, అదే. ప్రాణవాయువు తావు గుండె, ఉదానానిది గొంతు, సమానానిది బొడ్డు, అపానానిది కింద, వ్యానానిది ఒళ్లంతా. అన్నీ ఒకేసారి తావులు తప్పితే ఏమవుతుంది? పోతన తర్వాతి మాటే 'మూర్ఛ వచ్చె'. వరుస ఎంత కచ్చితంగా ఉందో!

నేటి డాక్టర్లు ఈ లెక్క ఒప్పుకోరు. గాలి తావు ఊపిరితిత్తులు, గుండె రక్తాన్ని తోసే కండరం అంటారు. అయినా ఆ రెంటినీ వాళ్లూ విడదీయలేరు. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలుంటే ఎడమదానికి రెండే, ఎడమకు ఒరిగిన గుండెకు చోటు కావాలి గనక. గుండె కుడిసగం పంపిన రక్తం ఊపిరితిత్తుల్లో గాలి పట్టుకుని ఎడమసగానికి చేరాకే ఒళ్లంతా తిరిగేది. ప్రాణాన్ని గుండెలో పెట్టిన పెద్దలు మరీ దూరం పోలేదు.

ఇంకో తమాషా. మనకు ఊపిరితిత్తులకూ రొమ్ముగోడకూ నడుమ సన్నని సందు ఉంటుంది. ఏనుగుకు ఆ సందు లేదు, రెండూ అతుక్కునే ఉంటాయి. నీళ్లలో మునిగి తొండం మాత్రం పైకెత్తి ఊపిరి తీసుకోవడానికే ఆ ఏర్పాటని శాస్త్రజ్ఞుల ఊహ. అలాంటి జంతువుకే ప్రాణాలు తావులు తప్పాయంటే అదేం మొసలండీ!

'పానం బాగలేదు' అన్నప్పుడు ఒంట్లో నలత. 'నా ప్రాణమా' అంటే ముద్దు. అక్కడ ఏకవచనమే.

నాకు చిరాకు తెప్పించేది బహువచనం కాదు, ఆ 'కోల్పోవడం'. పర్సు కోల్పోయినవాడు వెతుక్కుంటాడు, ప్రాణాలు కోల్పోయినవాడు ఏం చేస్తాడు? 'ప్రాణాలు విడిచాడు' ఉంది, నిక్షేపంలాంటి 'చనిపోయాడు' ఉంది. వాటికేం రోగం?

కాబట్టి 'ప్రాణాలు' తప్పు కాదు. 'ప్రాణం పోయింది' అన్నా నేను తప్పు పట్టను, లోకమంతా అంటున్నదే. మనుషులను లెక్కపెట్టే చోట మాత్రం కాస్త జాగ్రత్త. 'ప్రమాదంలో అయిదు ప్రాణాలు బలి' అని హెడ్డింగ్ పెడితే, పాతకాలపు పండితుడు పోయింది ఒక్కడే అనుకుంటాడు.