రక్తం కాంతిని ఎంత చెదరగొడుతుందో కెమెరాతో కొలవవచ్చా?

విశాఖలో భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. కొలవవచ్చు.

ముందు ఆర్కే బీచ్‌లో అలల నురగ చూడండి. నీరూ గాలీ రెండూ రంగులేనివే, అయినా నురగ తెల్లగా కనిపిస్తుంది. వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) మారే ప్రతి హద్దు దగ్గరా కాంతి దారి మళ్లడమే కారణం. రక్తంలో ఆ హద్దులు ఎర్ర రక్తకణాలవి. ఒక్కో కణం వ్యాసం 7–8 మైక్రాన్లు. దాని గుణకం దాదాపు 1.40, చుట్టూ ఉన్న ప్లాస్మాది 1.35. తేడా చిన్నదే, కానీ ఘన మిల్లీమీటరుకు కణాలు సుమారు 50 లక్షలు! అదే రక్తంలో తగినంత స్వేదనజలం కలిపితే కణాలు పగిలి, ద్రవం ఎర్రగానే ఉంటూ దాదాపు పారదర్శకమవుతుంది. రంగుకు శోషణ (కాంతిని పీల్చుకోవడం), మసకకు పరిక్షేపణ (కాంతిని చెదరగొట్టడం) కారణమని ఇంత తేలిగ్గా చూపే ప్రయోగం నాకు మరొకటి తెలియదు. (అందుకే కొలతకు రక్తాన్ని పలుచన చేయాలంటే నీరు కాదు, సెలైన్ వాడాలి.)

ఇక పద్ధతి. లోతైన పాత్రలోని రక్తంపై సన్నని లేజర్ కిరణం వేసి, ఉపరితలంపై పాకిన వెలుగు మచ్చను ఫోటో తీస్తారు. మధ్య నుంచి అంచుకు వెలుగు తగ్గే తీరును మాంటే కార్లో లెక్కలతో (కంప్యూటర్‌లో ఎన్నో కాంతి దారులను యాదృచ్ఛికంగా అనుకరించే పద్ధతి) పోల్చి, శోషణ, పరిక్షేపణ గుణకాలను రాబడతారు. చిక్కేమిటంటే, కణాలు కాంతిని చాలావరకు ముందుకే పంపుతాయి. అందువల్ల ఇలా తేలేది ‘తగ్గించిన పరిక్షేపణ గుణకం’ (ఆ ముందుకు పోయే ధోరణిని లెక్కలో కలిపి తగ్గించిన విలువ) మాత్రమే. ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, 800 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతి మేలు. రక్తాన్ని కదుపుతూ ఉండాలి, లేకపోతే కణాలు అడుగుకు చేరతాయి.