ఇల్లు కొనకముందే టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్లండి

"అక్కా, పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు ఆరు పడగ్గదుల పాత రాతి ఇల్లు ఒకటి చూశాం. మేం కింద ఉంటూ, పైన నాలుగు గదులు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి (బీ అండ్ బీ), అంటే ఉదయం ఫలహారంతో కలిపి అతిథులకి అద్దెకి, ఇవ్వాలని ఆశ. నాకు గ్రీన్ కార్డు ఉంది. ఏ ఇబ్బందీ ఉండదని ఏజెంటు అంటున్నారు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేయమంటారా?" అని ఒక చెల్లెలు అడిగింది.

వద్దమ్మా, ఇంకా పెట్టకండి. ఆ ఇల్లు మీకు నచ్చిందని నీ మాటల్లోనే తెలుస్తోంది. అందుకే ముందుగా ఈ మాట చెబుతున్నాను. పందొమ్మిదేళ్ల క్రితం మేమూ ఇలాంటి ఇల్లే చూసి ముచ్చటపడ్డాం. "ఇంతకుముందున్నవాళ్లు ఇక్కడ గదులు అద్దెకిచ్చేవాళ్లే, మీరూ ఇచ్చుకోవచ్చు" అని మా ఏజెంటు చెబితే నమ్మి కొనేశాం. తాళాలు చేతికొచ్చాక టౌన్‌షిప్ ఆఫీసుకి, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వ ఆఫీసుకి, వెళ్తే జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నిబంధనలు) చూసే ఆఫీసర్ పాత ఫైలు తీసి చూపించారు. వాళ్లు గదులు ఇవ్వడం మానేసి అప్పటికి ఆరేళ్లు. జోనింగ్ రాకముందు నుంచీ నడుస్తున్న వ్యాపారాన్ని అలాగే నడుపుకోవచ్చు, నిజమే. కానీ మధ్యలో ఆపేస్తే ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. చాలా టౌన్‌షిప్పుల జోనింగ్ ఆర్డినెన్సుల్లో, అంటే స్థానిక చట్టాల్లో, ఏడాది పాటు ఆగిపోతే వదులుకున్నట్టే లెక్క, కాదని చూపించుకోవాల్సిన భారం మనదే. ఆ తర్వాత ఎనిమిది నెలలు పైగదులు ఖాళీగా పెట్టుకుని ఇంటి వాయిదాలు కట్టాం. నెల మొదటి తారీఖు వస్తుందంటే నాకు నిద్ర పట్టేది కాదు. మీకు ఆ రోజులు రాకూడదు.

ముందు తెలుసుకోవాల్సింది, ఈ అనుమతి ఎవరి చేతిలో ఉందన్నది. మన దగ్గర ఏ పనికైనా కలెక్టరాఫీసు గుర్తొస్తుంది కదా, ఇక్కడ కౌంటీ దగ్గరికెళ్తే పని కాదు, రాష్ట్రం దగ్గరికెళ్లినా కాదు. పెన్సిల్వేనియాలో టౌన్‌షిప్పులు, బరోలు (చిన్న పట్టణాలు), నగరాలు అన్నీ కలిపి రెండున్నర వేలకు పైనే ఉన్నాయి. ఎవరి జోనింగ్ ఆర్డినెన్స్ వాళ్లదే. వీటన్నిటికీ పైన 1968 నాటి రాష్ట్ర చట్టం ఒకటుంది, మునిసిపాలిటీస్ ప్లానింగ్ కోడ్ అని. హియరింగు (బహిరంగ విచారణ) ఎలా జరగాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్నవి అందులో ఉంటాయి. మీ ఇంట్లో బీ అండ్ బీ పెట్టొచ్చా లేదా అన్నది మాత్రం మీ టౌన్‌షిప్ పుస్తకం తేలుస్తుంది. రోడ్డుకి ఇవతల ఒక టౌన్‌షిప్, అవతల ఇంకొకటి ఉండొచ్చు. పోస్టల్ అడ్రసులో లాంకాస్టర్ అని ఉన్నంత మాత్రాన ఇల్లు లాంకాస్టర్ నగరంలో ఉన్నట్టు కాదు. ఇంటి ఆస్తిపన్ను కాగితం మీద మునిసిపాలిటీ పేరు ఉంటుంది, దాన్ని చూడండి.

ఆ టౌన్‌షిప్ జోనింగ్ మ్యాప్‌లో మీ ఇల్లు ఏ జోనింగ్ జిల్లాలో (ఫలానా వాడకాలకని విడదీసిన ప్రాంతంలో) పడిందో చూశాక, ఆర్డినెన్సులో ఆ జిల్లా అధ్యాయం తీసి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అన్న మాట ఎక్కడుందో వెతకండి. నేరుగా అనుమతించిన వాడకాల్లో ఉంటే మీ అదృష్టం, జోనింగ్ పర్మిట్ తీసుకుంటే సరిపోతుంది. ఎక్కువగా మాత్రం స్పెషల్ ఎక్సెప్షన్ కిందో, కండిషనల్ యూజ్ కిందో కనబడుతుంది. మొదటిది జోనింగ్ హియరింగ్ బోర్డు వింటుంది, రెండోది టౌన్‌షిప్ సూపర్‌వైజర్లు వింటారు. స్పెషల్ ఎక్సెప్షన్ అన్న పేరు విని మనవాళ్లు బెదిరిపోతారు, ఎవరినో బతిమాలుకోవాలేమో అనుకుంటారు. అదేం లేదు. ఈ జిల్లాలో ఈ వాడకం ఉండొచ్చు అని టౌన్‌షిప్ ముందే ఒప్పుకుంది, కాకపోతే షరతులు పెట్టింది. ఆ షరతులన్నీ తీరుస్తున్నామని మీరు చూపిస్తే, ఆపైన "దీనివల్ల ఊరికి హాని" అని నిరూపించే బాధ్యత అభ్యంతరం చెప్పేవాళ్ల మీద పడుతుంది. భయంగా ఉందనో, నచ్చలేదనో అంటే చాలదు.

బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అన్న మాట అసలు ఎక్కడా లేకపోతే మాత్రం ఆ ఇంటి మీద ఆశ వదులుకోండి. వేరియన్స్, అంటే నిబంధన నుంచి మినహాయింపు, అడగొచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. వేరియన్స్ ఇవ్వాలంటే ఆ స్థలానికే ఏదో ప్రత్యేకమైన ఇబ్బంది ఉండాలి, అది మీరు తెచ్చిపెట్టుకున్నది కాకూడదు. "గదులు అద్దెకివ్వకపోతే వాయిదా కట్టలేం" అన్నది వాళ్ల లెక్కలో ఇబ్బంది కాదు. దాని మీద నమ్మకం పెట్టుకుని ఇల్లు కొన్నవాళ్లను చూశాను, మనసు కష్టపడింది.

జిల్లా సరిపోయిందని తేలాక కూడా ఊరికే సంతకం వద్దు. కొనుగోలు అగ్రిమెంటులో ఒక షరతు రాయించండి: బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి జోనింగ్ అనుమతి వచ్చి, దాని మీద అప్పీలు గడువు కూడా దాటితేనే కొంటాం, లేదంటే అడ్వాన్సు వెనక్కివ్వాలి అని. అమ్మేవాళ్లు గొణుగుతారు, నాలుగైదు నెలలు ఆగాలి కదా. అయినా అడగండి. షరతు ఉన్న అగ్రిమెంటు చేతిలో ఉంటే, ఇల్లు మీ పేరు మీద లేకపోయినా అర్జీ మీరే పెట్టుకోవచ్చు. ఈ ఒక్క పేరా రాయించుకోవడానికి స్థానిక లాండ్ యూజ్ లాయరుకిచ్చే ఫీజు దండగ అనుకోవద్దు.

"ఈలోగా ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టేస్తే?" అని కూడా అడుగుతుంటారు. అది వేరు, ఇది వేరు. బీ అండ్ బీ అంటే యజమాని అదే ఇంట్లో కాపురం ఉంటూ గదులివ్వడం. యజమాని ఉండకుండా ఇల్లంతా రోజుల లెక్కన అద్దెకివ్వడం గురించి 2019లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, పోకనోస్ కొండ ప్రాంతంలోని హామిల్టన్ టౌన్‌షిప్ కేసులో. అక్కడి ఆర్డినెన్సు ప్రకారం ఒక కుటుంబం ఉండే ఇళ్ల జిల్లాలో అలాంటి వాడకం కుదరదని తేల్చింది. అనుమతి లేకుండా నడిపితే ముందు నోటీసు వస్తుంది. తర్వాత జడ్జి దగ్గరికి వెళ్తే ఒక్కో ఉల్లంఘనకు 500 డాలర్ల దాకా పడొచ్చు, కొనసాగిన ప్రతి రోజునీ విడిగా లెక్కపెట్టే వీలు చట్టంలోనే ఉంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. రేపు అనుమతి అడగడానికి అదే బోర్డు ముందు, అదే ఇరుగుపొరుగు ముందు నిలబడాల్సింది మీరే.

ఆర్డినెన్సులో నిర్వచనాల అధ్యాయాన్ని, ఒక్కో వాడకానికి పెట్టిన షరతుల అధ్యాయాలని చాలామంది తిరగెయ్యరు. అసలు సంగతులు ఉండేవి అక్కడే. ఎన్ని గదులు, అతిథి ఎన్ని రాత్రులుండొచ్చు, గదికి ఎన్ని కార్ల చోటు, బయట పెట్టే పేరు బోర్డు ఎంత పెద్దది, ఇంట్లో యజమాని ఉండి తీరాలా, అన్నీ అక్కడ రాసి ఉంటాయి. గదికొక కారు, ఇంటివాళ్లకి రెండు అన్నది తరచుగా కనిపించే లెక్క. మీ నాలుగు గదులకి ఆరు కార్లు. అవి ఇంటి ముందు గడ్డిలో నిలబెడతామంటే ఒప్పుకోరు.

భోజనం సంగతి కూడా చెప్పాలి. మన ఇంటికి వచ్చినవాళ్లకి రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టడం మనకి చేతకాదు. కానీ పెన్సిల్వేనియా ఆహార చట్టంలో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే, పదికి మించని గదులున్న సొంత నివాసం, అందులో పెట్టేది ఉదయం ఫలహారం ఒక్కటే, దాని ఖరీదు గది అద్దెలోనే కలిసి ఉండాలి. రాత్రి భోజనం పెట్టి డబ్బు తీసుకుంటే మీ వంటగది ఇంకో తరగతిలోకి వెళ్లిపోతుంది, నిబంధనలూ మారిపోతాయి. మా ఆయన మొదటి ఏడాది దీనికి చాలా బాధపడ్డారు.

అర్జీ పెట్టేముందు ఇంటిని చూడాల్సిన కళ్లతో ఒకసారి చూడండి. ఊరవతల ఇల్లు కాబట్టి సెప్టిక్ ట్యాంకు ఉండే ఉంటుంది. ఈ రాష్ట్రంలో ఇళ్ల సెప్టిక్‌కి మూడు పడగ్గదుల వరకూ రోజుకు 400 గాలన్లు, ఆపైన ఒక్కో గదికీ మరో 100 చొప్పున లెక్కగడతారు. ఆరు గదులంటే 700. పాత ఇంట్లో ఆరు గదులున్నా, భూమిలో ఉన్న ట్యాంకు మూడు గదులకి వేసినదే కావచ్చు. టౌన్‌షిప్‌లో మురుగునీటి ఏర్పాట్లు చూసే సూయేజ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ ఉంటారు, ఆ ఇంటి పాత పర్మిట్ చూపించమని అడగండి. డ్రైవ్‌వే రాష్ట్ర రహదారి మీదికి తెరుచుకుంటే పెన్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) పర్మిట్ సంగతి కనుక్కోండి. పైగదుల కిటికీలు కొలవండి. నిప్పంటుకుంటే మనిషి బయటపడేలా కిటికీ తెరుపు ఉండాలన్నది ఇళ్ల నిర్మాణ కోడ్: 5.7 చదరపు అడుగుల తెరుపు, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకి మించకూడదు. పాత రాతి ఇళ్లలో కిటికీలు చిన్నవి, గోడలు మందం, పెద్దవి చేయించడం ఖర్చుతో కూడిన పని. జోనింగ్ అయ్యాక బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వస్తారు, ఆయన ఇచ్చే సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అతిథిని దింపకూడదు.

ఇక హియరింగు. అర్జీ అందిన 60 రోజుల్లోపు మొదటి హియరింగు జరపాలని చట్టం. ఒక్కోసారి గడువు పొడిగించడానికి మిమ్మల్ని సంతకం అడుగుతారు, కారణం సబబుగా ఉంటే పెట్టండి. వరసగా రెండు వారాలు పేపర్లో ప్రకటన వేస్తారు. ఇంటి ముందు కనీసం వారం ముందు నోటీసు పాతుతారు. ఆ నోటీసు చూసి తెలుసుకునే పరిస్థితి ఏ పొరుగింటివాళ్లకీ రానివ్వకండి. మేం చేసిన పెద్ద పొరపాటు అదే. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా అన్న ధీమాతో ఎవరి తలుపూ తట్టలేదు.

ఆ రాత్రి ఇప్పటికీ నా కళ్లముందుంది. టౌన్‌షిప్ హాల్లో మడత కుర్చీలు, ఒక మూల టైపు చేస్తున్న స్టెనోగ్రాఫర్. బల్ల వెనక బోర్డు సభ్యులు ముగ్గురు, ముగ్గురూ ఊళ్లో ఉండేవాళ్లే. నా చేత ప్రమాణం చేయించారు. మా ప్లాన్ చెప్పడం పూర్తయ్యాక ఎదురింటి పెద్దావిడ లేచారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. దాన్ని విప్పి చదవబోయి, మళ్లీ మడిచేసి నా వైపే చూస్తూ మాట్లాడారు. వాళ్లాయనకి ఒంట్లో బాగోదట, మంచం కిటికీ పక్కన వేశారట. మా ప్లాన్‌లో కార్లు నిలిపే చోటు సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంది. "రాత్రి పదకొండింటికి వచ్చే ప్రతి కారు లైటూ ఆయన ముఖం మీద పడుతుంది" అన్నారు. చట్ట ప్రకారం ఆ ఒక్క మాటతో మా అర్జీ ఆగేది కాకపోవచ్చు. కానీ నాకు గొంతు పెగల్లేదు. కొలతలన్నీ వేసిన ఆ ప్లాన్‌లో రోడ్డుకి అవతలి ఇల్లు గీయనే లేదు మేం.

హియరింగుకి వాయిదా అడిగి తీసుకున్నాం. మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఆ మంచం పక్కన నిలబడి మా ఇంటి వైపు చూశాం. పార్కింగు ఇంటి వెనక్కి మార్చాం, డ్రైవ్‌వే మలుపు దగ్గర గుబురుగా పెరిగే ఆర్బర్‌వైటీ మొక్కలు వరసగా వేస్తామని ప్లాన్‌లో గీసి తెచ్చాం. రాత్రి పదింటి తర్వాత కొత్త అతిథులు దిగరని మేమే రాసిచ్చాం. బోర్డు ఈ మూడింటినీ షరతులుగా రాసి అనుమతిచ్చింది. రెండో హియరింగుకి ఆవిడ వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు, మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నా, అర్జీ పెట్టకముందే చుట్టూ ఉన్న ఇళ్లకి ప్లాన్ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి. మన ఉచ్చారణ వాళ్లకి అర్థమవుతుందో లేదోనని జంకవద్దు. మీరు కూడా ఇక్కడే ఉంటారని, ఇల్లు ఎవరికో వదిలేసి పోరని చెప్పండి. వాళ్లకి ఉండే భయాల్లో సగం దాని గురించే. వాళ్లు చెప్పింది రాసుకోండి. హియరింగుకి ముందే ప్లాన్‌లో మార్చగలిగింది మార్చండి.

చివరి హియరింగు అయిన 45 రోజుల్లో నిర్ణయం రాతపూర్వకంగా రావాలి. వచ్చాక 30 రోజులు అప్పీలు గడువు, అది మీకూ ఉంటుంది, పొరుగువాళ్లకీ ఉంటుంది. షరతుల్లో మీరు మోయలేనిది ఏదైనా ఉంటే ఆ 30 రోజుల్లోనే లాయరుని కలవాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. గడువు దాటేదాకా పార్కింగుకి కంకర కూడా పోయించకండి. వచ్చిన అనుమతిని ఎన్నాళ్లలోపు వాడుకోవాలో కూడా ఆర్డినెన్సులో చూసుకోండి.

హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉన్న చోటైతే వాళ్ల నిబంధనలు వేరు, టౌన్‌షిప్ సరేనన్నా వాళ్లు కాదనొచ్చు. మామూలు ఇంటి ఇన్సూరెన్సు అతిథులకి వర్తించదు, కంపెనీకి రాసి చెప్పి తగిన పాలసీ తీసుకోండి. గది అద్దె మీద రాష్ట్రానికి 6 శాతం హోటల్ పన్ను వసూలు చేసి కట్టాలి, కౌంటీది దాని మీద వేరే.

నీకు గ్రీన్ కార్డు ఉందన్నావు కాబట్టి సరే. ఇది చదివే మిగతావాళ్లకి ఒక్క మాట: హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనుక్కోవచ్చు, కానీ పొద్దున్నే లేచి అతిథులకి ఫలహారం వండి గదులు సర్దడం వీసా ఒప్పుకోని పని కిందికి వస్తుంది, సొంత ఇల్లే అయినా సరే. స్టూడెంటు వీసాకీ అంతే. హెచ్-4 మీద ఉండి వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకి వీలుంది. పెట్టుబడి పెట్టి తెచ్చుకునే ఈ-2 వీసా భారత పౌరులకి లేదు, అమెరికాతో ఆ ఒప్పందం మనకి లేదు కాబట్టి. ముందు ఇమిగ్రేషన్ లాయరుని కలవండి, ఆ తర్వాతే ఇల్లు చూడండి.

నువ్వు రేపు చేయాల్సింది ఇదమ్మా. ఆస్తిపన్ను కాగితం మీద టౌన్‌షిప్ పేరు చూసి, ఆ ఆఫీసుకి ఫోన్ చేసి జోనింగ్ ఆఫీసర్ ఉండే వేళలు కనుక్కో. నోటిమాటగా "పర్వాలేదు" అంటే సంతోషించి వచ్చేయకు, ఈమెయిల్‌లో రాసివ్వమని అడుగు. జిల్లా పేరు, సెప్టిక్ పర్మిట్ మీద ఎన్ని గదులున్నాయో ఆ అంకె, ఈ రెండూ నాకు పంపు. మిగతాది కలిసి చూద్దాం.